వరుస ఏల పెరుగును?

2023 జూలై 14 మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు చంద్రయాన్-3 ను మోసికొని రాకెట్టు శ్రీహరికోటనుండి పైకి లేచినది. అట్టి ప్రయోగమును కన్నులార చూడగోరువారు ఉదయమునుండియే బయలుదేరుదురు. పాత నెల్లూరు జిల్లాకు చెంది, 2022 లో తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేటనుండి పులికాటు సరస్సు మీదుగా శ్రీహరికోటకు ఒక దారి కలదు. ఇరుప్రక్కల నీరు, నడుమ రోడ్డు. బస్సులు, కార్లు, మోటారు సైకిళ్లు ఆ దారిని కొన్ని గంటలపాటు ఒకటి వెనుక ఒకటిగా సాగిపోవును. ప్రయాణము సుఖముగ జరుగును.

రాకెట్టు కొలది నిమిషములలో కంటికి కానరాకుండ పోవును. అంతట వచ్చినవారందరును ఒక్కమారుగ లేచి ఇంటిదారి పట్టుదురు. ఉదయము వచ్చినది ఆ మనుష్యులే, ఆ వాహనములే, ఆ దారియే. ఒకరు హెచ్చలేదు, దారి ఒక అడుగైనను తగ్గలేదు. అయినను ఉదయము సాఫీగ సాగిన ప్రయాణము సాయంకాలము నిలిచి నిలిచి కదలును. ఇట్లేల జరుగును?

జనము ఎక్కువైనందున వరుస ఏర్పడినదని సాధారణముగ అందురు. పై ఉదాహరణము ఆ మాట పూర్తిగ నిజము కాదని చూపుచున్నది. వరుసను పెంచునది జనసంఖ్య మాత్రమే కాదు. ఆ జనము కాలములో ఎట్లు పంచబడినదను విషయము అంతకంటె ముఖ్యము. ఈ సంగతిని గ్రహించినవారు విహారస్థలములందు తమ కాలమును కాపాడుకొనగలరు. గుంపు మితిమీరిన చోట తమ ప్రాణమును, తమతో వచ్చిన పిల్లల ప్రాణమును కూడ కాపాడుకొనగలరు.

రెండు వేగములు

ఏ వరుసకైనను రెండు వేగములు ఉండును. మొదటిది జనము వచ్చు వేగము. రెండవది వారిని లోనికి పంపు వేగము. వినోద ఉద్యానములో టిక్కెట్ల కిటికీ అయినను, తిరుగుడు చక్రము ఎక్కు మెట్లయినను, దేవాలయ ద్వారమయినను లెక్క ఒక్కటే.

ఒక ఉద్యానమునకు ఒకే కిటికీ ఉన్నదనుకొందము. ఒక్కొక్కరికి టిక్కెట్టు ఇచ్చుటకు అర నిమిషము పట్టును. అనగా గంటకు 120 మందిని పంపవచ్చును. ఆ దినమున 480 మంది రానున్నారు. వారు ఉదయము 9 గంటలు మొదలు సాయంకాలము 5 గంటల వరకు గంటకు 60 మంది చొప్పున సమానమైన ఎడముతో వచ్చినచో, ఎవ్వరును నిలుచుండ నక్కరలేదు. కిటికీ వద్ద నున్న గుమాస్తాకు సగము కాలము విశ్రాంతియే.

ఆ 480 మందియే 9 గంటలనుండి 11 గంటలలోపల వచ్చినచో సంగతి మారును. గంటకు 240 మంది వచ్చుచుండగా 120 మంది మాత్రమే లోనికి పోవుదురు. గంటగంటకు 120 మంది వెనుక మిగులుదురు. 11 గంటలకు వరుసలో 240 మంది ఉందురు. చివర నున్నవాడు 2 గంటలు నిలువవలెను.

ఇక అందరును తలుపు తెరచు వేళకే, 9 గంటలకే వచ్చిరనుకొందము. చివరివాడు దాదాపు 4 గంటలు నిలుచుండును. సగటున ఒక్కొక్కరికి 2 గంటలు. 480 మందికి కలిపి 960 గంటల మానవకాలము ఎండలో కరగిపోవును. మూడు సందర్భములలోను జనసంఖ్య ఒక్కటే, కిటికీ ఒక్కటే. భేదమంతయు వచ్చిన సమయములో నున్నది.

చివరి మెట్టు చాల ఎత్తు

మనుష్యులు గడియారపు ముల్లువలె సమానమైన ఎడముతో రారు. ఒక నిమిషమున ఎవ్వరును రారు. మరు నిమిషమున ఒక బస్సు దిగును. టిక్కెట్టు ఇచ్చుటకు పట్టు కాలము కూడ ఒక్కటిగ నుండదు. ఒకరు సరియైన చిల్లర తెత్తురు. మరియొకరు పది టిక్కెట్లు కొని లెక్క సరిచూచుకొందురు. ఈ హెచ్చుతగ్గుల వలన, వచ్చు వేగము పంపు వేగముకంటె తక్కువగ నున్నను వరుస ఏర్పడును.

ఈ విషయమును గణితశాస్త్ర రీత్యా మొదట పరిశీలించినవాడు డెన్మార్కు దేశస్థుడైన ఎర్లాంగ్ (1878–1929). ఆయన కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసెను. ఎప్పుడు ఎవరు టెలిఫోను ఎత్తుదురో తెలియనప్పుడు ఎన్ని తీగలు ఉంచవలెనను ప్రశ్న ఆయనకు ఎదురయ్యెను. సంభావ్యతా సిద్ధాంతమును ఆ ప్రశ్నకు అన్వయించి 1909 లో ఆయన ఒక వ్యాసమును ప్రకటించెను. వరుసల శాస్త్రమునకు అదియే పునాది.

ఆ బాటలో వచ్చిన ఫలితములలో ఒకటి విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది. ఒకే కిటికీ ఉన్నది. రాకపోకలలోను, పని కాలములోను పైన చెప్పిన యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు కలవు. సగటు పని కాలము అర నిమిషము. కిటికీ తన శక్తిలో 50 వంతులు పనిచేయుచున్నచో, వచ్చినవారు సగటున అర నిమిషము వేచియుందురు. 80 వంతులైనచో 2 నిమిషములు. 90 వంతులైనచో నాలుగున్నర నిమిషములు. 95 వంతులైనచో తొమ్మిదిన్నర నిమిషములు. 99 వంతులైనచో 49 నిమిషములకు పైబడును. సూత్రము సులభము: పనిభారమును మిగిలిన ఖాళీచే భాగించి, పని కాలముచే గుణించవలెను. 90 ని 10 చే భాగించిన 9. దానిని అర నిమిషముచే గుణించిన నాలుగున్నర.

50 నుండి 80 కి పోయినప్పుడు పెరిగినది ఒకటిన్నర నిమిషము మాత్రమే. 95 నుండి 99 కి పోయినప్పుడు పెరిగినది 40 నిమిషములు. మెట్లన్నియు ఒకే ఎత్తున లేవు. చివరి మెట్టు గోడవలె నున్నది. ఎవ్వరును రాని అర నిమిషమును కిటికీ దాచుకొని, తరువాత బస్సు దిగినప్పుడు వాడుకొనజాలదు. ఖాళీగ పోయిన కాలము పోయినట్లే. శక్తి అంచుననున్న కిటికీకి అట్టి నష్టమును పూడ్చుకొను అవకాశమే ఉండదు.

దీనినుండి ఒక మంచి వార్త కూడ లభించుచున్నది. 95 వంతుల భారము 90 కి తగ్గినచో నిరీక్షణ సగమునకంటె తగ్గును. వచ్చు 95 మందిలో 5 గురు మాత్రము మరియొక వేళకు వచ్చినను చాలును. ఆ ఐదుగురికే గాక మిగిలిన 90 మందికి కూడ మేలు కలుగును.

నిలుచున్న చోటనే లెక్క

వరుసలో నిలుచున్నవాడు తన వంతు ఎప్పుడు వచ్చునో తెలియక విసిగిపోవును. చిన్న లెక్కతో ఆ విసుగును తగ్గించుకొనవచ్చును. తన ముందు ఎందరున్నారో రమారమి లెక్కించవలెను. 5 నిమిషములలో ఎందరు లోనికి పోవుచున్నారో గడియారము చూచి తెలిసికొనవలెను. ముందు 120 మంది ఉండి, 5 నిమిషములలో 30 మంది పోవుచున్నచో, నిమిషమునకు 6 గురు. 120 ని 6 చే భాగించిన 20 నిమిషములు.

ఈ లెక్కకు వెనుక ఒక సిద్ధాంతము కలదు. అమెరికా దేశీయుడైన జాన్ లిటిల్ దానిని 1961 లో నిరూపించెను. ఒక స్థలములో సగటున నుండు జనసంఖ్య, జనము వచ్చు వేగమును ఒక్కొక్కరు అచ్చట గడపు సగటు కాలముచే గుణించినంత యుండునని దాని భావము. చూచుటకు ఇది అతి స్వల్పముగ కనిపించును. కాని దీని ప్రయోజనము గొప్పది. నెల్లూరు రొట్టెల పండుగను ఉదాహరణముగ తీసికొందము.

నెల్లూరిలో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా వద్ద మొహర్రం మాసములో ఈ పండుగ జరుగును. కోరిక తీరినవారు రొట్టె ఇత్తురు. కోరిక గలవారు ఆ రొట్టెను పుచ్చుకొని నీటి వద్దనే తిందురు. తమ కోరిక తీరినచో మరు సంవత్సరము వచ్చి, తామును రొట్టె పంచిపెట్టుదురు. మతభేదము లేక దూరప్రాంతములనుండి జనము వచ్చును. విద్య, ఉద్యోగము, ఆరోగ్యము, వివాహము, సంతానము అని కోరికలను బట్టి ఒడ్డున వేర్వేరు చోట్ల పేర్లు వ్రాసిన పలకలు కనిపించును.

ఒడ్డునకు నిమిషమునకు 100 మంది వచ్చుచున్నారని, ఒక్కొక్కరు సగటున 90 నిమిషములు గడపుచున్నారని ఊహింతము. సిద్ధాంతము ప్రకారము ఒడ్డుమీద ఎల్లప్పుడును 9,000 మంది ఉందురు. ఆ గడపు కాలము 60 నిమిషములకు తగ్గినచో 6,000 మందియే ఉందురు. ఒక్క యాత్రికునైనను వెనుకకు పంపలేదు. అయినను గుంపులో మూడవ వంతు తగ్గినది! ఉద్యోగపు రొట్టె ఎవరి వద్ద నున్నదోయని జనములో పడి వెదకుటకు పోవు కాలమును ఆ పలక మిగుల్చును. సామాన్యమైన పలక గుంపును పలుచన చేయు సాధనమనుటలో అతిశయోక్తి లేదు. మంచినీటి చోటు, మరుగుదొడ్డి, బయటికి పోవు దారి స్పష్టముగ తెలుపు పలకలు కూడ అట్టివే.

ఒక వరుసయా, మూడు వరుసలా?

మూడు కిటికీలున్న చోట మూడు వరుసలు కట్టుట వాడుక. ప్రక్క వరుసయే త్వరగ కదలుచున్నదని ప్రతివానికిని తోచును. ఇది భ్రమ మాత్రమే కాదు. మూడు వరుసలలో అన్నిటికంటె త్వరగ కదలునది ఏదో ఒకటియే. అది తాను నిలుచున్నదే అగుటకు మూడింట ఒక పాలు అవకాశము. కాకుండుటకు మూడింట రెండు పాళ్లు. కావున మూడు మార్లలో రెండు మార్లు మరియొక వరుస ముందు పోవుట సహజము.

దీనికి మందు, మూడు కిటికీలకు కలిపి ఒకే వరుస కట్టుట. ముందు నున్నవాడు ఏ కిటికీ ఖాళీ అయినచో దాని వద్దకు పోవును. పనిభారము 90 వంతులుండి, సగటు పని కాలము అర నిమిషముగ నున్నచో, వేర్వేరు మూడు వరుసలలో సగటు నిరీక్షణ నాలుగున్నర నిమిషములు. ఒక వరుసనుండి మరియొక వరుసకు ఎవరును మారరని ఈ లెక్కకు నియమము. ఉమ్మడి వరుసలో అది ఒక నిమిషము 22 సెకండ్లకు తగ్గును. కిటికీలు పెరుగలేదు, గుమాస్తాలు తొందరపడలేదు. ఒక కిటికీ ఖాళీగ నుండగా మరియొక కిటికీ ముందర జనము నిలుచుండు వ్యర్థము మాత్రము తొలగినది. పైగా ముందు వచ్చినవానికి ముందు పని జరుగును, తగవులకు తావుండదు. ఉమ్మడి వరుస చూచుటకు పొడుగుగ నుండి భయపెట్టును. కాని పొడుగు వేరు, కాలము వేరు.

మనస్సునకు తోచు కాలము కూడ గడియారపు కాలముతో సమానము కాదు. పని లేక నిలుచున్న పది నిమిషములు కబుర్లలో గడచిన పది నిమిషములకంటె దీర్ఘముగ తోచును. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసినదానికంటె బరువైనది. అందువలననే పెద్ద ఉద్యానములలో వరుసను మెలికలు త్రిప్పి, దారి పొడవున చూడదగిన వస్తువులు ఉంచి, ఇచ్చటినుండి ఇన్ని నిమిషములని పలక కట్టుదురు.

కాలమును పంచుట

వరుసకు మూలము అందరును ఒకే వేళకు వచ్చుటయైనప్పుడు, వేళలను పంచిపెట్టుటయే దానికి మూలచికిత్స. అమెరికాలోని ఆనహైములో డిస్నీలాండు 1955 జూలై 17 న తెరువబడినది. ఆ మొదటి దినముననే దొంగ టిక్కెట్లతో కూడ జనము వచ్చి, ఉద్యానము కిటకిటలాడెను. డిస్నీ ఉద్యానములవారు 1999 లో ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టిరి. సందర్శకుడు వరుసలో నిలుచుటకు బదులు ఒక చీటి తీసికొనును. ఇన్ని గంటలకు రమ్మని అందులో ఉండును. ఈ లోపల అతడు మరియొక చోట తిరిగి రావచ్చును. తరువాత ఆ పద్ధతి రూపము మారినను, భావము నిలిచినది.

తెలుగువారికి ఈ భావము క్రొత్త కాదు. తిరుమలలో యాత్రికులు వైకుంఠము క్యూ భవనములోని గదులలో కూర్చుండి తమ వంతు కొరకు వేచియుందురు. దర్శన సమయమును ముందుగనే తెలుపు టిక్కెట్లు, టోకెన్లు కూడ కలవు. శ్రీహరికోటలో 2019 మార్చి 31 న ప్రారంభమైన ప్రయోగ వీక్షణశాల 5,000 మందికి సరిపోవునట్లు ఏర్పడినది. దానికి ముందుగ పేరు నమోదు చేసికొనవలెను. ఆ మరునాడు, ఏప్రిల్ 1 న, పీఎస్ఎల్వీ-సీ45 ప్రయోగమును ప్రజలు అచ్చటినుండి చూచిరి. చోటు లేదను సంగతి గేటు వద్ద గాక ఇంటివద్దనే తెలియుట ఈ పద్ధతివలన కలుగు లాభము.

అయితే చీటి వరుసను మాయము చేయదు; స్థలమును మార్చును. తిరుగుడు చక్రము గంటకు 300 మందిని త్రిప్పగలిగినచో, ఎన్ని చీట్లు అచ్చువేసినను 300 మందినే త్రిప్పును. చీటి గలవారికి ముందు దారి ఇచ్చినచో చీటి లేనివారి వరుస మరింత నెమ్మదించును. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. చీటి ఇచ్చు చోటనే అందరును ఒక వేళకు చేరినచో, తొలగింపదలచిన గుంపు అచ్చటనే తయారగును. 2025 జనవరి 8 న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు చేరిన జనములో తొక్కిసలాట జరిగి 6 గురు మరణించిరి. దర్శనము కొరకు కాదు, దర్శనపు చీటి కొరకు వారు వచ్చియుండిరి. ఒక గంటను పంచునప్పుడు ఆ పంపిణీ గంటను కూడ పంచవలెనను పాఠమును ఈ విషాదము నేర్పుచున్నది.

వరుస గుంపుగ మారినప్పుడు

వరుసలో క్రమము కలదు. ఒకని వెనుక ఒకడు, మధ్య కొంత ఎడము. ఆ క్రమము చెడినప్పుడు వరుస గుంపుగ మారును. గుంపునకు కొలమానము జనసాంద్రత, అనగా ఒక చదరపు మీటరు నేలలో నిలుచున్నవారి సంఖ్య. ఒక చదరపు మీటరులో ఒకరిద్దరున్నప్పుడు నడక స్వేచ్ఛగ సాగును. నలుగురైనచో అడుగులు చిన్నవగును, భుజములు తగులును. ఐదుగురు దాటినచో ప్రమాదము మొదలగును. ఆరుగురు, ఏడుగురు చేరినచో ఏ ఒక్కనికిని తన శరీరముపై తనకు అధికారముండదు. జనము ద్రవమువలె ప్రవర్తించును. ఒక మూల పుట్టిన త్రోపు అలవలె సాగి దూరముననున్నవారిని కూడ త్రోయును.

తొక్కిసలాటలో జనము కాళ్లక్రింద నలిగి చనిపోవుదురని సాధారణ నమ్మకము. నిజమునకు పెక్కుమంది నిలుచుండియే మరణింతురు. నలువైపుల ఒత్తిడివలన రొమ్ము విప్పారదు, ఊపిరి ఆడదు. వెనుకనున్నవారికి ముందు జరుగునది కనిపించదు. ముందు చోటున్నదనుకొని వారు ఒక అడుగు వేయుదురు. ప్రతివాడు వేయునది ఒక్క అడుగే. వేయి అడుగుల బరువు ముందున్నవానిపై పడును. ఇందు దుర్మార్గుడు ఎవడును లేకపోవచ్చును. సమాచారలోపమే అపాయమునకు కారణము.

నెల్లూరు జిల్లావారికి ఇది దూరపు సంగతి కాదు. 2022 డిసెంబరు 28 న అప్పటి నెల్లూరు జిల్లాలోని కందుకూరులో ఒక బహిరంగ సభ సందర్భమున తొక్కిసలాట జరిగి 8 మంది మరణించిరి. 2015 జూలై 14 న గోదావరి పుష్కరముల మొదటి దినమున రాజమహేంద్రవరము ఘట్టము వద్ద ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పుష్కరములు పండ్రెండు దినములు, స్నానఘట్టములు అనేకము. కాలము, స్థలము రెండును విశాలముగ నున్నను, మొదటి దినము, ఒకే ఘట్టము జనమును ఆకర్షించినవి.

ద్వారముల విషయమున కూడ ఒక లెక్క కలదు. చదునైన నేలపై మీటరు వెడల్పు గల దారినుండి నిమిషమునకు సుమారు 80 మంది నడచిపోగలరు. 3 మీటర్ల ద్వారమునుండి 2,400 మంది 10 నిమిషములలో బయటపడుదురు. ఆ ద్వారమునకు ఆవల బండ్లు నిలిపి, దారిని ఒక మీటరునకు కుదించినచో 30 నిమిషములు పట్టును. తొందరపడి త్రోసికొన్నచో వేగము పెరుగదు. సాంద్రత హెచ్చి వేగము ఇంకను తగ్గును. ఒక్కొక్కరుగ పోయిన సీసామూతినుండి నీరువలె సాగవలసిన జనము, త్రోపులాటలో బిరడావలె బిగిసికొనును.

అట్టి గుంపులో చిక్కినవాడు చేతులను రొమ్ము ముందర అడ్డముగ నుంచి ఊపిరికి చోటు కాపాడుకొనవలెను. త్రోపునకు ఎదురు నిలువరాదు. త్రోపు తగ్గిన క్షణమున కొంచెము కొంచెముగ ప్రక్కకు, వాలుగ జరుగవలెను. గోడలకు, కంచెలకు దూరముగ నుండవలెను. క్రింద పడిన చెప్పు కొరకు, సంచి కొరకు వంగరాదు. పడినవానిని వెంటనే లేవనెత్తవలెను. భుజములు తగులుట మొదలైనప్పుడే వెనుకకు తిరుగుట అన్నిటికంటె మేలు. తరువాత తిరుగుటకు వీలుండదు.

విహారయాత్రకు ముందు

పాఠశాలనుండి పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు పై సూత్రములను సులభముగ ఆచరణలో పెట్టవచ్చును. ఆదివారమునకు బదులు పనిదినము ఎన్నుకొనవలెను. తలుపు తెరచుటకు ముందే చేరి, మొదటి గంటలో జనము ఎక్కువగ కోరు వినోదములను ముగించవలెను. చాలమంది గేటు వద్దనున్న మొదటి వినోదము దగ్గరనే ఆగుదురు. కావున చివరనుండి మొదటికి రావలెను. అందరును భోజనమునకు కూర్చుండు వేళ వరుసలు తగ్గును. కావున భోజనము ఒక గంట ముందుగనో, తరువాతనో ముగించవలెను. 60 మంది పిల్లలను ఒకే వరుసలో నిలుపక మూడు జట్లుగ విభజించి, ఒక జట్టు ఆటల వద్ద, ఒకటి ప్రదర్శనశాలలో, ఒకటి చెట్టు నీడలో ఉండునట్లు ఏర్పాటు చేయవలెను. తప్పిపోయినవారు చేరవలసిన చోటును ముందుగనే చూపవలెను. బయటికి పోవు దారులు రెండైనను తెలిసియుండవలెను.

ఇక మొదట వేసిన ప్రశ్నకు సమాధానము సులభము. శ్రీహరికోటకు 900 వాహనములు వచ్చెననుకొందము. అవి 4 గంటలలో వచ్చినచో నిమిషమునకు నాలుగింటికి లోపు. దారి నిమిషమునకు 15 వాహనములను పంపగలదనుకొన్నచో, అది తన శక్తిలో నాలుగవ వంతు మాత్రమే వాడుకొనెను. కావున ప్రయాణము సుఖముగ జరిగెను. తిరిగి పోవునప్పుడు 900 ఒక్కమారుగ బయలుదేరును. 15 చొప్పున అన్నియు పోవుటకు 60 నిమిషములు పట్టును. అందులో ఎవరు ముందు, ఎవరు వెనుక అను ప్రశ్నయే గాని, మొత్తము గంట తగ్గదు.

అట్లయినచో బుద్ధిమంతుడు చేయవలసినదేమి? వెంటనే లేచి వరుస చివర చేరినవాడు 60 నిమిషములు వేడెక్కిన బస్సులో కూర్చుండును. 50 నిమిషములు ఆగి, ఆ పిమ్మట బయలుదేరినవాడు కూడ దాదాపు అదే వేళకు దారి దాటును. ఆ 50 నిమిషములలో అతడు ప్రాంగణములోని రాకెట్టు నమూనాలను చూడవచ్చును. 1971 అక్టోబరు 9 న ఇచ్చటినుండి ఎగిరిన మొదటి చిన్న రోహిణి రాకెట్టు మొదలు చంద్రుని చేరిన నౌకల వరకు గల కథను పిల్లలకు చెప్పవచ్చును. అతడు పోగొట్టుకొన్నది లేదు. పైగా తొందరపడు గుంపులో అతని బస్సు ఒకటి తగ్గినందున ఇతరులకును కొంత మేలు జరిగినది.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ శాస్త్రమును పరీక్షించుటకు ప్రయోగశాల అక్కరలేదు. మధ్యాహ్న భోజనపు వరుస వద్ద ఇద్దరు విద్యార్థులు గడియారముతో నిలువవచ్చును. ఒకరు నిమిషమునకు ఎందరు వచ్చుచున్నారో, మరియొకరు ఎందరు పళ్లెము పట్టుకొని పోవుచున్నారో వ్రాసికొనవలెను. రెండు అంకెలను వేర్వేరుగ నిమిషనిమిషమునకు కూడుచు పోయి, ఆ మొత్తములకు రేఖాపటము గీచినచో రెండు గీతల నడుమ గల ఎడమే వరుస పొడవు. మరునాడు ఒక తరగతిని 5 నిమిషములు ఆలస్యముగ పంపి తిరిగి గీయవలెను. ఎడము ఎంత తగ్గినదో పిల్లలే చూచి తెలిసికొందురు. ఐదు నిమిషములు ఆగుట ఓటమి కాదనియు, అది అందరికిని చోటు కల్పించు ఉపాయమనియు ఆ రేఖాపటము వారికి చెప్పును. పెద్దవారైన పిమ్మట పుష్కర ఘట్టమునకో, తిరునాళ్లకో, రాకెట్టు ప్రయోగమునకో పోయినప్పుడు ఆ పాఠము వారికి జ్ఞాపకము వచ్చినచో, గణితము తన పని చేసినట్లే.